వీడియో ఎడిటింగ్‌లో తెలుగు అక్షర దోషాలు

వీడియో ఎడిటింగ్ సాఫ్టువేరులో టైటిళ్ళు చేర్చునపుడు తెలుగు అక్షరాలు విడిపోవుట, డబ్బాలుగా మారుట తరచుగా కనిపించే ప్రదర్శన దోషాలు.

కారణం

నల్గొండ జిల్లాలో హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై గల చిట్యాల పట్టణం పేరునే ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఈ పేరులో కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. కంప్యూటరులో నిల్వ ఉండేవి ఏడు యూనికోడ్ సంకేతాలు: చ, గుడి, ట, పొల్లు, య, దీర్ఘం, ల. వీటిని కలిపి గుణింతాలను, వత్తులను ఏర్పరచు పని టెక్స్ట్ ఇంజనుది. అది భారతీయ లిపులకు అనువైనది కానిచో పేరు "చిట్‌యాల" వలె విడిపోతుంది.

గుర్తించుట, సరిదిద్దుట

* వత్తులు విడిపోయినచో దోషం టెక్స్ట్ ఇంజనుది. అడోబీ ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లలో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సులలో "సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్" ఎంచుకోవలెను.
* డబ్బాలు కనిపించినచో ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదు. గౌతమి, పోతన వంటి యూనికోడ్ ఫాంటును ఎంచుకోవలెను.
* అర్థం లేని ఆంగ్లాక్షరాలు వచ్చినచో పాఠ్యం అను వంటి పాత ఫాంటులో టైపు చేసినది. దానిని యూనికోడ్‌లోకి మార్చవలెను.

ఏదీ కుదరనిచో పేరును వేరే సాఫ్టువేరులో పారదర్శక పిఎన్‌జి బొమ్మగా తయారుచేసి వీడియోపై ఉంచవచ్చును. అయితే బొమ్మలోని అక్షరాలను తరువాత దిద్దుట వీలుకాదు.

జాగ్రత్త

ఎగుమతి చేసిన వీడియోలో అక్షరాలు దృశ్యంలో కలిసిపోతాయి. మూల ప్రాజెక్టు లేనిచో పెళ్ళి వీడియోలోని వధూవరుల పేర్లలో తప్పు అలాగే నిలిచిపోతుంది. కనుక పేర్లను ఎగుమతికి ముందే సరిచూడవలెను.