ఒక్క గంట దొరికితే ఎవరితో మాట్లాడాలి?

మొన్న మన తెలుగు క్లబ్ మీటింగ్‌లో ఒక ఆట పెట్టారు. చరిత్రలోంచి ఎవరో ఒకరు వచ్చి మీ ముందు గంటసేపు కూర్చుంటారు. ఎవరిని పిలుస్తారు? చీటీ మీద పేరు రాసి డబ్బాలో వేయాలి.

చీటీలు విప్పితే ఊహించినట్టే అయ్యింది. అబ్దుల్ కలాం గారికి అందరికంటే ఎక్కువ. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య, శ్రీనివాస రామానుజన్, నికోలా టెస్లా. నా చీటీ దగ్గరికొచ్చేసరికి చదువుతున్న సీనియర్ అక్క ఆగింది. "కొమర్రాజు లక్ష్మణరావు... ఎవరీయన? మీ చుట్టమా?" అంది. అందరూ నవ్వారు.

చుట్టం కాదక్కా, ఒకప్పుడు మా మునగాల సంస్థానం దివాను. ఆయన్నే ఎందుకు పిలిచానో ఆ రోజు చెప్పడానికి టైమ్ లేదు. అసలు ఇలాంటి మనిషిని ఎలా ఎంచుకోవాలో కూడా కలిపి ఇక్కడ చెప్తాను.

ముందు మనం చేసే పొరపాటు

మనం సాధారణంగా గొప్పవాళ్ళ లిస్టులో మొదటి పేరు రాసేస్తాం. కలాం గారు నిజంగానే వచ్చి కూర్చున్నారనుకోండి, ఏం అడుగుతాం? "సార్, సక్సెస్ కావాలంటే ఏం చేయాలి?" ఆ ప్రశ్నకు ఆయన బతికుండగానే ఎన్నో సభల్లో, పుస్తకాల్లో జవాబు చెప్పేశారు. దానికోసం ఆయన్ని మళ్ళీ రప్పించడం దేనికి?

అందుకే నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను. ఒకటి, ఆయన పనికీ నా బతుకుకీ ఏదో ఒక లింకు ఉండాలి. రెండు, ఆయన పని ఎక్కడో సగంలో ఆగి ఉండాలి. మూడు, అడగడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఒక్కటైనా ఉండాలి. మూడోది లేకపోతే అది సంభాషణ కాదు, సన్మాన సభ అవుతుంది.

ఇంతకీ ఎవరీయన?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు బస్సు కిటికీలోంచి మీరు మునగాల చూసే ఉంటారు. మాది చిత్రమైన చరిత్ర. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మా పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా కింద ఉండేది. అంటే ఒక దీవి లాంటిది. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. సంస్థానం కోట పక్కనే నడిగూడెంలో ఉంది.

లక్ష్మణరావు గారు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే అక్క భండారు అచ్చమాంబ దగ్గర నాగపూర్‌లో చదువుకున్నారు. ఆ అక్క సామాన్యురాలు కాదు. బడికి పోకుండా ఇంట్లోనే చదువు నేర్చుకుని 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి'ని తెలుగులో తొలి కథల్లో ఒకటిగా లెక్కిస్తారు. తమ్ముడు మరాఠీలో వ్యాసాలు రాసేంత నేర్చుకుని, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర ఉద్యోగంలో చేరారు.

అక్కడినుంచి ఆయన చేసిన పనులు చూడండి. 1901లో రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజాగారు, మరికొందరితో కలిసి హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. తెలుగు చదువుకి పెద్దగా చోటు లేని ఊళ్ళో తెలుగు లైబ్రరీ అన్నమాట. అది ఇప్పటికీ ఉంది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టారు. అది వేసిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి 'అబ్రహాం లింకన్ చరిత్ర'. తర్వాత చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము', వాటితోపాటు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల మీద పుస్తకాలు. నూరేళ్ళకు ముందు, తెలుగులో!

ఆ తర్వాత మద్రాసులో ఇంకా పెద్ద పని ఎత్తుకున్నారు. 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము', అంటే తెలుగులో ఎన్‌సైక్లోపీడియా. మూడు సంపుటాలు వచ్చాయి. చాలా వ్యాసాలు ఆయనే స్వయంగా రాశారు. మూడు సంపుటాలైనా 'అ' అక్షరం దాటలేదు. 1923లో, 46 ఏళ్ళకే ఆయన పోయారు.

నాకేంటి సంబంధం?

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇక్కడికొచ్చాక ఫస్ట్ సెమ్‌లో ఇంజనీరింగ్ మెకానిక్స్ పోయింది. లెక్కలు రాక కాదు, ప్రశ్న ఏమడుగుతుందో అర్థం కాక. 'ఫ్రీ బాడీ డయాగ్రమ్' అంటే ఏంటో సెమిస్టర్ అంతా బోర్డు మీద చూశాను, నోట్స్‌లో దింపుకున్నాను, అంతే.

సప్లీకి ముందు హాస్టల్ మెట్ల మీద రూమ్మేట్ ఒక ఇటుక ముక్క పెట్టి చెప్పాడు. "ఒరేయ్, దీన్ని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి ఒంటరిగా చూడు. బరువు దీన్ని కిందికి లాగుతోంది. మెట్టు పైకి నెడుతోంది. నువ్వు తోస్తే రాపిడి అడ్డం పడుతోంది. వీటన్నిటికీ బాణం గుర్తులు గీయి. అదేరా ఫ్రీ బాడీ." రెండు నిమిషాల్లో ఎక్కింది. ఆరు నెలలు నాకు అడ్డం పడింది సబ్జెక్టు కాదు, భాష అని ఆ రాత్రి తెలిసింది.

ఆ తర్వాత సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు లక్ష్మణరావు గారి గురించి వెతికి చదివాను. ఆ మెట్ల మీద నా దోస్తు చేసిన పనే, మా ఊరి దివాను అందరికోసం చేయాలనుకున్నారని అనిపించింది. మొదటి పరీక్ష పాస్. 'అ' దగ్గర ఆగిపోయింది కాబట్టి రెండోది కూడా పాస్.

ఏం అడుగుతాను?

మొదటిది మాటల గురించి. సైన్సులో ఒక విషయానికి తెలుగు మాట లేనప్పుడు ఏం చేయాలి? సంస్కృతంలోంచి కొత్త మాట కడితే అదీ ఇంగ్లిష్ అంత కష్టంగానే ఉంటుంది. 'ఘర్షణ' కంటే 'రాపిడి' నాకు తొందరగా ఎక్కింది. అలాగని 'వోల్టేజ్'ని మార్చాల్సిన పని లేదు. ఈ గీత ఎక్కడ గీయాలండీ?

రెండోది ప్లానింగ్ గురించి. చంద్రికా మండలి పుస్తకాలు దేనికది పూర్తి. ఒక్కటి వచ్చినా ఒకరికి పనికొస్తుంది. విజ్ఞాన సర్వస్వం అలా కాదు, అక్షరక్రమంలో చివరిదాకా వస్తేనే పూర్తి ఉపయోగం. మొదటి పద్ధతి అంత బాగా నడుస్తుంటే రెండోది ఎందుకు ఎత్తుకున్నారు? మన భాషలో చెప్పాలంటే, మాడ్యూల్స్‌గా రిలీజ్ చేస్తున్నవారు మొత్తం ఒకేసారి కట్టాలని ఎందుకు దిగారు?

మూడోది, అడగడానికి ఇబ్బందైన ప్రశ్న. ఈయన్ని ఎంచుకున్నానని మా తాతకి గొప్పగా చెప్తే, తాత మంచం మీదనుంచి లేవకుండానే అన్నాడు: "నీకు దివాణం అంటే పుస్తకాలు గుర్తొస్తున్నయ్‌రా. మా నాయనకు శిస్తు, వెట్టి గుర్తొచ్చేటియి."

నిజమే. 1930లలో మా పరగణా రైతులు జమీందారీకి ఎదురు తిరిగి పెద్ద పోరాటం చేశారు. నండూరి ప్రసాదరావు గారి లాంటి వాళ్ళు ముందుండి నడిపారు. అప్పటికి లక్ష్మణరావు గారు లేరు, కాబట్టి ఆ నేరం ఆయన నెత్తిన వేయను. కానీ ఆయన జీతం వచ్చింది రైతులు కట్టిన శిస్తులోంచే కదా. రాజాగారు లైబ్రరీకి చేసిన సాయమూ అక్కడిదే కదా. "మీరు వేసిన పుస్తకం మా ముత్తాత చదవగలిగేవాడా? ఆ ఆలోచన మీకు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడగాలి. మర్యాదగానే, కానీ అడగాలి.

ఈ ప్రశ్నలకు ఆయన ఏం చెప్తారో నేను రాయను. పోయినవాళ్ళ నోట్లో మనకు నచ్చిన మాటలు పెట్టడం తేలిక. అప్పుడు మనతో మనమే మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

మీరూ ఎంచుకోండి

వచ్చే మీటింగ్‌లో మళ్ళీ చీటీలు వేద్దాం. ఈసారి మీ ఊరి దగ్గర్నుంచి వెతకండి. గోదావరి జిల్లాల వాళ్ళు కాటన్ దొర పేరు రాసే ముందు, ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఆయన పక్కన నిలబడిన వీణెం వీరన్నను గుర్తు చేసుకోండి. నిజామాబాద్ వాళ్ళకు నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఉన్నారు. పాలమూరు వాళ్ళకు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి చూపించిన సురవరం ప్రతాపరెడ్డి గారున్నారు.

పేరు కింద ఒక ప్రశ్న కూడా రాయండి. ప్రశ్న దొరక్కపోతే పేరు మార్చండి.

నేను మాత్రం ఒక పని మొదలుపెట్టాను. సప్లీ పాసయ్యాక, మెకానిక్స్ మొదటి యూనిట్‌ని మనం మాట్లాడుకునే తెలుగులో నోట్స్‌గా రాస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు పేజీలయ్యాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన జూనియర్లు ఎవరికైనా కావాలంటే క్లబ్ రూమ్‌కి రండి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. రెండో యూనిట్ రాయడానికి ఎవరైనా తోడొస్తే ఇంకా మంచిది. ఒక్కరే ఎత్తుకుంటే పని 'అ' దగ్గరే ఆగుతుందని మా దివాను గారి అనుభవం ఉంది కదా!