డిలీట్ కొట్టే ముందు... ‘బిగిన్’!

డేటాబేస్‌లో ‘అన్‌డూ’ ఉంటుందా? మా టీమ్‌లో చేరే ప్రతి కుర్రాణ్నీ నేను మొదట అడిగేది ఇదే. ‘రోల్‌బ్యాక్ ఉందిగా అన్నా’ అంటారు. ఉంది. కానీ మీరు ఏ నల్లతెర ముందు కూర్చున్నారన్నదాన్ని బట్టి!

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వాళ్ల పీఎస్‌క్యూఎల్... ఈ రెంటిలోనూ ఆటోకమిట్ ముందే ఆన్‌లో ఉంటుంది. అంటే ఆదేశం చివర సెమీకోలన్ పెట్టి ఎంటర్ నొక్కగానే మార్పు ఖాయం. ‘వేర్’ రాయడం మరిచి డిలీట్ కొడితే టేబుల్ మొత్తం ఖాళీ. ఆ తర్వాత ఎన్ని రోల్‌బ్యాక్‌లు కొట్టినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అందుకే నేను ముందు ‘బిగిన్’ కొడతాను, ఆపైన డిలీట్. ఎన్ని వరుసలు పోయాయో తెర మీదే కనిపిస్తుంది. 3 పోవాల్సిన చోట 3,000 అని వచ్చిందా, వెంటనే రోల్‌బ్యాక్. లెక్క సరిపోతేనే కమిట్.

ఒరాకిల్ ఎస్‌క్యూఎల్‌ప్లస్ తీరు వేరు. అక్కడ ఆటోకమిట్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. హమ్మయ్య అనుకోకండి... ‘ఎగ్జిట్’ అని బయటికొస్తే తనంతట తనే కమిట్ చేసేస్తుంది! అదే పీఎస్‌క్యూఎల్‌లో ట్రాన్సాక్షన్ మధ్యలో బయటికొస్తే చేసిందంతా రద్దు.

ఇంకో మెలిక. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో మధ్యలో ‘ఆల్టర్ టేబుల్’ కొట్టారంటే అప్పటిదాకా చేసినవీ కమిట్ అయిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ బెడద లేదు.

మైఎస్‌క్యూఎల్‌లో ‘సేఫ్ అప్‌డేట్స్’ అని ఒక ఆప్షన్ ఉంది. కీ కాలమ్‌తో ‘వేర్’ గానీ, ‘లిమిట్’ గానీ లేని డిలీట్‌ను అది ఆపేస్తుంది. దానికే ఇంకో పేరు ‘ఐ యామ్ ఎ డమ్మీ’. పేరు చూసి చిన్నబోకండి, ప్రొడక్షన్ సర్వర్‌లో నేను రోజూ వాడేది దాన్నే.