హైదరాబాద్ సిటీ పోలీస్ – వరుసగా 5 రోవర్స్ కప్పులు

సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టేలోపు మన హాస్టల్ గ్రౌండులో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టు తప్ప మరో ఆట కనపడదు. ఫుట్‌బాల్ అంటే మనకు టీవీలో చూసేది, విదేశీ జట్ల పేర్లు చెప్పుకునేది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఒక తెలుగు దేశపు ఫుట్‌బాల్ జట్టు గురించి రాయదలచుకున్నాం.

స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్ 1956 నుంచి 1960 వరకు వరుసగా 5 సార్లు యూరోపియన్ కప్పు గెలిచింది. ఆట తెలిసినవాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అంతకు ముందే, 1950 నుంచి 1954 వరకు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా 5 సార్లు గెలిచింది. అప్పటికి మన నెల్లూరు జిల్లా హైదరాబాదుతో కలవనే లేదు. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో, ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో ఉన్నాం. మన పెద్దవాళ్ళకు ఆ జట్టు సంగతి అంతగా తెలియకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఈ గెలుపు విలువ తెలియాలంటే లీగుకూ కప్పుకూ తేడా తెలియాలి. స్పెయిన్‌లో 1950–51 సీజనులో పై డివిజనులో 16 జట్లు ఉన్నాయి. ప్రతి జట్టూ మిగతా 15 జట్లతో సొంత ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి, మొత్తం 30 మ్యాచ్‌లు ఆడాలి. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. ఆ ఏడు అట్లెటికో మాడ్రిడ్ గెలిచింది. లీగులో ఒక రోజు ఓడినా మరో రోజు సర్దుకోవచ్చు. మన దేశంలో అలాంటి జాతీయ లీగు 1996లోగానీ రాలేదు. అంతవరకు ఏ నగరం లీగు ఆ నగరానిదే. పెద్ద పోటీలంటే రైలెక్కి పోవాలి. బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు, కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు. అక్కడ నాకౌట్ పద్ధతి. ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవలసిందే. అలాంటి పోటీలో అయిదేళ్ళపాటు ఎవరి చేతిలోనూ ఓడకుండా రావడం మా దృష్టిలో లీగు గెలవడం కంటే తక్కువేమీ కాదు. 1950లో వాళ్ళు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారు.

ఆ జట్టును తయారుచేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. రహీమ్ సాబ్ పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, అంటే బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఒక్కడే పరుగెత్తకూడదు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. మరొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. దీనివల్ల ఏమిటి లాభం? కుడికాలివాటం ఉన్నవాడు ఎప్పుడూ కుడివైపుకే తిరుగుతాడు, ఎదుటివాడు అది పసిగట్టి అడ్డం నిలుస్తాడు. రెండు కాళ్ళూ పనిచేస్తే ఎటు తిరుగుతాడో తెలియదు. ఇక బంతి మనిషి కంటే వేగంగా పోతుంది, అలుపూ తక్కువ. బక్కపలచని కుర్రాళ్ళు బలమైన జట్లను గెలిచిన కిటుకు ఇదే.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. యుగొస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడారు. అప్పుడూ కోచ్ రహీమే. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో మెల్‌బోర్న్‌లో అదే కోచ్ కింద మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆసియా ఖండం నుంచి అంతవరకు వెళ్ళిన మొదటి జట్టు అదే. చివరకు నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ హైదరాబాద్ ఆటగాళ్ళు.

బలరాం సంగతి మన విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్సు కొట్టారు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడే జబ్బుచేసి, 27 ఏళ్ళకే ఆట మానుకోవలసి వచ్చింది. 2023లో కలకత్తాలో కన్నుమూశారు.

రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతూనే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం సాధించి పెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1. 1963 జూన్‌లో మరణించారు. ఆయన మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. పోలీసు జట్టు తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో మరో డ్యూరాండ్ గెలిచింది. రోవర్స్ కప్పు పోటీలు 2000–01 తర్వాత ఆగిపోయాయి.

రహీమ్ సాబ్ ఆట మన గ్రౌండులోనూ ఆడుకోవచ్చు. గోల్‌పోస్టులు లేకపోతే నాలుగు ఇటుకలు చాలు. వాలీబాల్ కోర్టు గీతలే హద్దులు, జట్టుకు అయిదుగురు. కుడికాలివాటం వాళ్ళు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలివాటం వాళ్ళు కుడికాలితో. ఎవరైనా బంతిని రెండుసార్లు తాకితే అది అవతలి జట్టుకు పోతుంది.