పెట్టె దొరికితే పేరు రాయాలి

దాగుడుమూతలు పిల్లల ఆట. పెద్దలు ఆడే దాగుడుమూతలు కూడా ఉన్నాయి. ఆ ఆట పేరు జియోకాషింగ్. ఇందులో దాక్కునేది మనిషి కాదు, పెట్టె.

పెట్టె ఎక్కడుందో అంకెల్లో చెబుతారు. ఇంటికి నంబరు ఉన్నట్టే భూమ్మీద ప్రతి చోటుకూ రెండు అంకెలుంటాయి. మొదటి అంకె మదనపల్లెకు సుమారు 13.55. పుంగనూరుకు 13.37. కుప్పానికి 12.75. దక్షిణానికి పోయేకొద్దీ అంకె తగ్గుతోంది, చూశారా? ఆ అంకెలు కొడితే సెల్‌ఫోను దారి చూపుతుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు దానికి సాయం చేస్తాయి.

2000 మే 3న అమెరికాలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచాడు. ఆట అలా మొదలైంది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. నగరాల్లో చాక్లెట్ అంగళ్లు చూసుకుంటూ నడిచి, పెట్టెలు వెతికేవారూ ఉన్నారు.

అయితే పెట్టెలో చాక్లెట్ పెట్టకూడదు. వాసనకు ఎలుకలు, చీమలు చేరతాయి. మరి ఏముంటుంది? ఒక చిన్న పుస్తకం. పెట్టె దొరికినవారు అందులో తమ పేరు, తేదీ రాయాలి. తర్వాత పెట్టెను ఉన్నచోటే దాచాలి.

వేలిముద్రకు అక్కడ సిరా ఉండదు. పేరు రాయాల్సిందే. బస్సు బోర్డు చదివి కుప్పం పోయి రాగల అక్కకు ఇది కష్టమా? పెన్సిలు మాత్రం మరిచిపోకూడదు.