చేపల ప్రాణం తీసేది విషమొక్కటే కాదు

ఎండలు ముదిరినప్పుడో, తొలకరి పడినప్పుడో హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో చేపలు కుప్పలుగా చచ్చి తేలుతుంటాయి. ఎవరో విషం కలిపారనే మాట వెంటనే పుడుతుంది. ఫ్యాక్టరీల రసాయనాలు కొన్నిసార్లు నిజంగానే కారణం. అయితే చాలాసార్లు అవి చనిపోయేది ఊపిరాడక.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను చేప మొప్పలతో పీల్చుకుంటుంది. మన వాతావరణంలో గాలి నుంచి లీటరు నీటిలోకి 7, 8 మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. చేపలు బతికి పెరగాలంటే కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

నాలాల్లోంచి మురుగు వచ్చి చేరితే, దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా ఈ కొద్దిపాటి ఆక్సిజన్‌నూ వాడేసుకుంటుంది. మురుగులోని నత్రజని, భాస్వరాలతో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలు పైకొచ్చి, నోళ్లు తెరిచి, నీటి పైపొరను అందుకోవాలని చూస్తాయి. కైకలూరు, భీమవరం ప్రాంతాల ఆక్వా రైతులకు ఈ సూచన బాగా తెలుసు. వెంటనే ఏరియేటర్లు ఆన్ చేస్తారు. ఊరి చెరువుకు ఆ సదుపాయం ఉండదు.

తొలి వాన ఇంకా ప్రమాదం. నాలాల్లో నెలల తరబడి పేరుకున్న మురికిని ఒక్కసారిగా చెరువులోకి తోస్తుంది. పైగా మబ్బు పడితే నాచు నుంచి వచ్చే ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది.

ముందుగా పోయేవి బొచ్చె, రవ్వ వంటివి. కొర్రమట్ట మాత్రం బయటి గాలిని కూడా పీల్చగలదు కాబట్టి తట్టుకుంటుంది. అందువల్ల చెరువులో ఏవో చేపలు కనిపిస్తున్నాయి కదా అని నీళ్లు బాగున్నాయనుకోవడం పొరపాటు. మధ్యాహ్నం తీసిన నమూనాను నమ్మడమూ అంతే పొరపాటు. ఎండలో నాచు ఇచ్చిన ఆక్సిజన్‌తో అప్పటికి లెక్క సరిగ్గానే కనిపించవచ్చు. పరీక్ష సూర్యోదయానికి ముందు జరగాలి.

మత్స్యకారుల కోసం తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని 2016లో మొదలుపెట్టింది. మంచి పథకమే. కానీ ఊపిరాడని నీళ్లలో పిల్లలను వదిలితే సర్కారు సొమ్ముతో పాటు మత్స్యకారుడి కష్టమూ పోతుంది. చచ్చిన చేపలను ఎత్తిపోయడం, గుర్రపుడెక్క తీయడం తాత్కాలిక ఊరటే. మురుగును శుద్ధి చేశాకే చెరువులోకి వదలాలి. మీ ఊరి చెరువులో కలిసే నాలా ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి, అధికారులను అడగండి.