పెసో: పేరులో బరువు, చేతిలో డబ్బు

మెక్సికో సంతలో టమాటాలు కొనేవారికి ‘పెసో’ అనే మాట ఒకే బేరంలో రెండుసార్లు ఎదురవుతుంది. తూకానికీ అదే మాట, ఇచ్చే సొమ్ముకూ అదే మాట. సుమారు 50 కోట్ల మందికి మాతృభాష అయిన స్పానిష్‌లో దీని అసలు అర్థం ‘బరువు’. దీని మూలమైన లాటిన్ మాట ‘పెన్సుం’ అంటే తూచినది. బరువు డబ్బుగా ఎలా మారింది? డబ్బయ్యాక ఆ బరువు ఏమైంది? అంకెల్లో చూద్దాం.

27.47 గ్రాములు

స్పెయిన్ 1497లో నాణేల పద్ధతిని సంస్కరించింది. ఆ లెక్క ప్రకారం ‘రియాల్’ అనే వెండి నాణెం 3.43 గ్రాములు. ఎనిమిది రియాళ్లను ఒకే నాణెంగా కొడితే 27.47 గ్రాములు, అందులో 93 శాతం వెండి. ఈ పెద్ద నాణేనికే పెసో అన్న పేరు స్థిరపడింది. వర్తకుడు దాని మీది రాజముద్రను కాక త్రాసును నమ్మేవాడు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

మెక్సికో నగరంలో 1535లో టంకశాల వచ్చింది. నేటి బొలీవియాలోని పొటోసిలో 1545లో వెండి కొండ బయటపడింది. ఆ వెండి 1565 నుంచి 1815 వరకు, 250 ఏళ్లపాటు, అకపుల్కో రేవు నుంచి మనీలాకు ఓడల్లో వెళ్లింది. డచ్చి, ఇంగ్లిష్ కంపెనీలు కోరమండల్ తీరపు బట్టలు కొనడానికి మచిలీపట్నం తెచ్చిన వెండిలోనూ ఈ ఎనిమిది రియాళ్ల నాణేలు ఉండేవి.

మన దగ్గర కథ తిరగబడింది. బ్రిటిష్ పాలనలో 1833లో తులాన్ని 11.66 గ్రాములుగా ఖాయం చేశారు. రూపాయి బరువూ అంతే. మందు దినుసులను ‘రూపాయి ఎత్తు’ అని తూచిన కాలం ఒకటుంది. అక్కడ తూకం పేరు డబ్బుకు వచ్చింది, ఇక్కడ డబ్బు పేరు తూకానికి వచ్చింది.

8లో ఒక వంతు

అమెరికా 1792లో తన డాలరును ఈ స్పానిష్ నాణెం విలువ ఆధారంగానే నిర్ణయించింది. స్పానిష్ నాణెం కూడా 1857 దాకా అక్కడ చట్టబద్ధంగా చెల్లింది. చిల్లర లేనప్పుడు నాణేన్ని ఎనిమిది ముక్కలుగా నరికి వాడుకునేవారు. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో 1997 దాకా వాటాల ధరలు డాలరులో ఎనిమిదో వంతు చొప్పున కదిలేవి. పూర్తిగా దశాంశాలకు మారింది 2001లో. డాలరు గుర్తు ($) కూడా ‘పెసోలు’ అన్న మాటను పొట్టిగా రాసే పద్ధతి నుంచి వచ్చిందన్నదే ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకొనే మాట.

13 సున్నాలు

నేడు పెసో పేరుతో డబ్బు ఉన్న దేశాలు ఎనిమిది: మెక్సికో, అర్జెంటీనా, చిలీ, కొలంబియా, ఉరుగ్వే, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ఫిలిప్పీన్స్. పేరు ఒకటే, విలువలు వేరు. వెండి పోయి కాగితం వచ్చాక ద్రవ్యోల్బణం దీన్ని ఎలా కరిగించిందో చెప్పడానికి అర్జెంటీనా చాలు. అక్కడ 1970లో 100 పాత పెసోలను 1గా, 1983లో 10,000ను 1గా, 1985లో 1,000ను 1గా, 1992లో మళ్లీ 10,000ను 1గా మార్చారు. మొత్తం 13 సున్నాలు ఎగిరిపోయాయి. అంటే 1970కి ముందరి 10 లక్షల కోట్ల పెసోలు కలిస్తే 1992 నాటి ఒక్క పెసో! మెక్సికో 1993లో మూడు సున్నాలతో సరిపెట్టింది.

50.8 కిలోలు

డబ్బులో పోయిన బరువు వాడుక భాషలో మాత్రం నిలిచే ఉంది. ‘పెసో సెతెంతా కిలోస్’ అంటే ‘నేను 70 కిలోలు ఉంటాను’ అని. ఇక్కడ పెసో క్రియాపదం. స్పెయిన్‌లో షాట్‌పుట్‌ను ‘పెసో విసరడం’ అంటారు. మగవారికి ఆ గుండు 7.26 కిలోలు, ఆడవారికి 4 కిలోలు. బాక్సింగ్‌లో 50.8 కిలోల లోపువారు ‘ఈగ పెసో’, 53.5 లోపు ‘కోడిపుంజు పెసో’, 57.1 లోపు ‘ఈక పెసో’.

మనసు బరువుకూ ఇదే కుటుంబం. ‘పెసార్’ అంటే తూగడం, దుఃఖం కూడా. చావు ఇంట పరామర్శకు చెప్పే మాట ‘పెసమే’. పీడకల ‘పెసదీయా’. విసిగించే మనిషి ‘పెసాదో’, అంటే బరువైనవాడు.

స్పానిష్ నేర్చుకుంటున్నవారికి ఒక జాగ్రత్త: ‘ప’ బదులు ‘బ’ పలికితే ‘బెసో’ అవుతుంది, అంటే ముద్దు. ప్రయాణికులకు మరొకటి: మెక్సికో హోటలు మెనూలో $200 అని కనిపిస్తే అవి మామూలుగా పెసోలే, డాలర్లని కంగారు పడనక్కర్లేదు. డబ్బు పంపేటప్పుడో మార్చేటప్పుడో మాత్రం ‘పెసో’ అన్నంతమాత్రాన సరిపోదు. ఏ దేశం పెసోనో ముందు అడగండి.