ఇంటి యజమానికి పీఠం, కిరాయిదారుకు గుమ్మం
జాతీయ గృహవిధానంలో వినిపించని అద్దెదారుల వాణి

హోప్ టౌన్ (అండమాన్): పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) ఎదుట, ఆవలి ఒడ్డున ఉన్న గ్రామం హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8న ఖైదీ షేర్ అలీ వైస్రాయి లార్డ్ మేయోను హతమార్చిన రేవు ఇదే. ఆనాడు దీవుల పాలన కలకత్తా నుంచి సాగేది. నేడు ఇక్కడి అద్దెదారుల నిబంధనలు ఢిల్లీలో రూపుదిద్దుకుంటున్నాయి.

అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. రాజ్యాంగం 240వ అధికరణం కింద దీవులకు అద్దె నిబంధనావళిని జారీ చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2023 అక్టోబరులో ఆమోదం తెలిపింది. దీనికి మూలమైన 2021 నాటి నమూనా అద్దె చట్టం నివాసగృహాల బయానాను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది; వివాదాల పరిష్కారానికి ప్రత్యేక న్యాయస్థానాలను సూచించింది. అయితే ప్రభుత్వం, స్థానిక సంస్థల సొంత గృహాలు సాధారణంగా ఆ చట్టం పరిధిలోకి రావు. అంటే సర్కారీ ఇంట్లో అద్దెకుండే పేదకే ఆ రక్షణ కొరవడింది.

ఇల్లు కొన్నవారి పరిస్థితి వేరు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కేంద్ర సలహా మండలిలో వినియోగదారులకు ప్రాతినిధ్యం కల్పించింది. అదే చట్టం అద్దెకున్నవారిని ‘కేటాయింపుదారు’ నిర్వచనం నుంచి స్పష్టంగా మినహాయించింది.

కాగా, ప్రభుత్వ అద్దె గృహాల అవసరం మాత్రం పెరుగుతున్నది. లాక్‌డౌన్‌లో వలస కూలీలు కాలినడకన ఇళ్లకు మళ్లిన 2020లోనే కేంద్రం సరసమైన అద్దె గృహ సముదాయాల పథకాన్ని ప్రకటించింది. ఖాళీగా పడివున్న 1.08 లక్షల ప్రభుత్వ గృహాలను 25 ఏళ్లపాటు అద్దెకు ఇవ్వాలన్నది అందులో ఒక భాగం. ఆ ఒప్పందం స్థానిక సంస్థకూ నిర్వాహకునికీ మధ్య కుదురుతుంది. నివసించేవాడు అందులో పక్షం కాడు.

అడగకుండా కట్టిన ఇంటి ఫలితం ఈ దీవులకు తెలియనిది కాదు. 2004 సునామీ తర్వాత కట్టిన శాశ్వత గృహాలు నికోబారీల ‘తుహెత్’ ఉమ్మడి కుటుంబ వ్యవస్థకు పొసగలేదన్న విమర్శలు వచ్చాయి.

విదేశానుభవమూ గుణపాఠమే. ఇంగ్లండులో సామాజిక గృహాల అద్దెదారులకు 2010లో ఏర్పడిన జాతీయ వేదికను ప్రభుత్వం మారగానే అదే ఏడాది రద్దు చేశారు. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది మరణించారు. నివాసులు అంతకుముందే ప్రమాదంపై హెచ్చరించారు, ఎవరూ చెవినపెట్టలేదు. అద్దెదారుల మాటకు బలం చేకూర్చే చట్టం 2023లో గాని రాలేదు.

2024లో ప్రారంభమైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలోనూ అద్దె గృహాలకు ప్రత్యేక విభాగం ఉంది. కేంద్ర సలహా మండలిలో అద్దెదారులకు స్థానం, ప్రతి సముదాయంలో ఎన్నికైన సంఘం, మరమ్మతులపై గడువుతో కూడిన విచారణ ఏర్పరచడానికి ఇదే అదను. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో దాదాపు 13 శాతం తెలుగువారే. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి వచ్చిన కుటుంబానికి తలదాచుకునే గూడుతోపాటు, ఆ గూటి గురించి మాట్లాడే హక్కూ కావాలి.